గృహిణియు దేశరక్షణమును

2025 వ సంవత్సరము మే నెల 7 వ తేదీ సాయంకాలము నాలుగు గంటలకు హైదరాబాదు నగరమున సైరనులు మ్రోగినవి. అవి నిజమైన అపాయమునకు గాక అభ్యాసమునకై మ్రోగించినవి. సికింద్రాబాదు, గోలకొండ, మౌలాలి, మా వనస్థలిపురమునకు సమీపముననున్న కంచన్‌బాగు, ఈ నాలుగు తావులందు శత్రువిమానములు వచ్చినచో ప్రజలెట్లు మెలగవలయునో అధికారులు చేసి చూపిరి. పహల్గాములో ఏప్రిల్ 22 వ తేదీన జరిగిన ఘోరము పిమ్మట యుద్ధభయము దేశమంతట ఆవరించియుండిన దినములవి.

ఆ సాయంకాలము మా వీథిలోని మామ్మగారి యింటికి పోయితిని. ఆమె పుట్టినది విశాఖపట్టణము. ఎనుబది దాటిన వయస్సు. టెలివిజనులో ఆ ధ్వని విని ఆమె యించుక నవ్వి, "నేను మా అమ్మ చంకలో ఉండగా వినవలసిన కూత ఇది. ఇన్నాళ్లకు విన్నాను" అనెను. ఆమె తల్లి చెప్పగా వినిన కథయే నేడు నాచే ఈ పుట వ్రాయించుచున్నది.

1942 వ సంవత్సరము మన తెలుగుతీరమునకు గండమైన యేడు. ఫిబ్రవరి 15 వ తేదీన సింగపూరు జపానువారి వశమయ్యెను. మార్చి 8 వ తేదీన రంగూను పడిపోయెను. ఆ నెలలోనే అండమాను ద్వీపములు వారి చేజిక్కెను. రంగూను రేవులలోను మిల్లులలోను పొట్ట పోసికొనుచుండిన తెలుగువారు వేనవేలు. వారిలో అనేకులు పిల్లలను భుజములపై నిడుకొని కొండలును అడవులును దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. త్రోవలో ఆకలికిని రోగములకును ఆహుతియైన వారెందఱో! బ్రతికి వచ్చినవారు తెచ్చిన వార్త యేమనగా, తెల్లదొరలకు ఒక త్రోవయు నల్లవారికి ఒక త్రోవయు చూపిరని. ఆ మాట తీరమునందలి ప్రతి గడపను చేరెను.

ఇట్లుండగా ఏప్రిల్ 6 వ తేదీన జపాను విమానములు పట్టపగలు వచ్చి విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినవి. బంగాళాఖాతమున అనేకములగు వర్తకపు ఓడలను శత్రువులు ముంచివేసిరి. పట్టణములో కలిగిన ప్రాణనష్టము స్వల్పమే. కాని భయము స్వల్పము కాదు. మామ్మగారి తల్లి పొయ్యిమీది అన్నము పొయ్యిమీదనే విడిచి, చంటిబిడ్డతో బండి యెక్కి, లోపలి పల్లెకు పోయినదట. వీథులకు వీథులే ఖాళీయైనవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరునకు తరలెను. 1941 జూన్ నెలలో బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిన సింధియా ఓడల కర్మాగారపు పని కుంటువడెను. అందు నిర్మింపబడిన "జల ఉష" యను మొదటి ఓడ నీటిలో దిగుటకు 1948 మార్చి వఱకు వేచియుండవలసివచ్చెను.

చెన్నపట్టణము సంగతి ఇంకను విచిత్రము. దాని మీద ఆ దినమున బాంబు పడలేదు. అయినను శత్రునౌకలు తీరమునకు వచ్చుచున్నవను వార్త యొకటి పుట్టెను. అది తప్పుడు వార్త. దానిని నమ్మి ప్రభుత్వమువారే తమ కచేరీలను లోపలి ఊళ్లకు తరలించిరి. జంతుశాలలోని క్రూరమృగములను కాల్చి చంపించిరి. ఏలినవారే మూట కట్టుకొనుట చూచిన ప్రజలు ఇండ్లలో నిలుతురా? రైళ్లు క్రిక్కిఱిసెను. మా యిండ్ల దాపుననున్న హరిణ వనస్థలిలో ఒక జింక బెదరినచో మందయంతయు పరుగెత్తును. అది జింకకు రక్షణము. మనుష్యునకు మాత్రము చేటు.

ఇచట ఒక భేదము గమనింపుడు. అంతకు రెండేండ్ల ముందు, 1940 లో, జర్మనీవారు తమ దీవిపై దిగుదురేమోయని బ్రిటనువారు భయపడిన వేళ, ఆ దేశపు ప్రభుత్వము ఇంటింటికి ఒక కరపత్రము పంపెను. ఉన్నచోటనే నిలువుడు, వదంతులను నమ్మకుడు, ఇతరులకు చెప్పకుడు అని అందలి సారాంశము. అనగా వంటింటిలోని గృహిణిని గూడ రక్షణకార్యమున భాగస్వామినిగా ఎంచిరన్న మాట. అదే ప్రభువులు ఇచట మనవారిని అట్లెంచలేదు. తనను నమ్మనివారిని తాను నమ్ముట యెట్లు? ఆ యేడే ఆగస్టు మాసమున "క్విట్ ఇండియా" యని దేశము ఘోషించుటకు గల కారణములలో ఈ నమ్మకలేమియు ఒకటి.

ఇరువదితొమ్మిదేండ్లు గడచినవి. 1971 వ సంవత్సరమున అదే విశాఖ తీరమునకు మరల అపాయము వచ్చెను. మన "విక్రాంతు" ఓడను ముంచుటకై పాకిస్థానువారి "ఘాజీ" యను జలాంతర్గామి పొంచియుండెను. తూర్పు నౌకాదళాధిపతియగు వైస్ అడ్మిరల్ కృష్ణన్‌గారు విక్రాంతును రహస్యముగా అండమానుల వైపునకు పంపి, అది విశాఖ చెంతనే యున్నదను భ్రాంతి కల్పించిరి. "రాజపుత్" అను పాత ఓడ విక్రాంతు వేషము ధరించెను. అందలి నావికుడొకడు జబ్బుపడిన తన తల్లి క్షేమమడుగుచున్నట్లు శత్రువు చెవిని పడునట్లుగా ఒక తంతి సయితము పంపిరి! ఒక తల్లి పేరు గూడ దేశమునకు కవచమైనది. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఘాజీ విశాఖ వెలుపల సముద్రములో మునిగిపోయెను. రాజపుత్ వేసిన ప్రేలుడు గుండ్లచే మునిగినదని మనవారును, తనలోని ప్రేలుడుచే మునిగినదని పాకిస్థానువారును చెప్పుదురు. అందలి నావికులందఱును మరణించిరి. వారికిని తల్లులు కలరు. తేలియాడు వస్తువులను మొదట కనుగొని తెచ్చినవారు మన మత్స్యకారులు.

ఈ రెండు కథలలోను ఊరు ఒకటే, సముద్రము ఒకటే. 1942 లో తీరవాసి భయమునకు పాత్రుడు. 1971 లో అతడే కావలివాడు. మాయవార్త మొదటిసారి మనలను తఱిమినది. రెండవసారి శత్రువును మోసగించినది. తుపాకులకన్న ముందు నిలుచు ప్రాకారము ప్రజల నిబ్బరమే యని నాకు తోచుచున్నది.

నేడు మా పేటకు ఈ విషయము దూరపు కథ కాదు. కంచన్‌బాగులోని భారత్ డైనమిక్స్ కర్మాగారమున "ఆకాశ్" క్షిపణులు తయారగుచున్నవి. 2025 మే నెలలో మన గగనమును కాచిన సాధనములలో అవియు ఉన్నవి. అట్టి చోట్ల పనిచేయువారి యిల్లాండ్రు భర్త యేమి చేయునో అడుగరు, పొరుగువారికి చెప్పరు. ఆ మౌనమును గూడ దేశసేవయే యందును.

ఇక మామ్మగారి మాట. ఆ వారములోనే ఒక రాత్రి, నేను అచటనుండగా, ఆమె మనుమరాలికి సెల్‌ఫోనులో ఒక వార్త వచ్చెను. మన నగరముపై బాంబులు పడుచున్నవనియు, వెంటనే ఊరు విడువుడనియు అందుండెను. పిల్ల వణకుచు పదిమందికి పంపబోవుచుండగా మామ్మగారు చేయి పట్టి ఆపి, "ఆ మాట ఎవరు చెప్పారమ్మా? వాళ్లకెవరు చెప్పారు?" అని అడిగెను. పిల్ల కడ జవాబు లేదు. వార్త అచటనే ఆగిపోయెను. నగరము ఆ రాత్రి సుఖముగా నిదురించెను. 10 వ తేదీన కాల్పులు నిలిచినవి.

సోదరీమణులారా, మనకు తుపాకి అక్కఱలేదు. ఇంట రెండు మూడు దినములకు సరిపడు త్రాగునీరు, మందులు, ఒక టార్చిలైటు, ముఖ్యమైన కాగితములు ఒక సంచిలో ఉంచుకొనుడు. పిల్లలకు తల్లిదండ్రుల పేర్లు, ఫోను నంబరు కంఠస్థము చేయింపుడు. దీపములార్పుమని అధికారులు చెప్పిననాడు మొదట మన యింటి దీపమే ఆఱవలెను. వీథిలో ఒంటరిగా నుండు వృద్ధులెవరో ముందే తెలిసికొనుడు. అన్నిటికన్న ముఖ్యముగా, మూలము తెలియని మాట మన గడప దాటి పోనీయకుడు.

మామ్మగారి తల్లి విడిచిపోయిన ఆ అన్నపుకుండ నాకు తఱచు జ్ఞప్తికి వచ్చుచుండును. ఆమె తప్పేమియు లేదు. నిజము చెప్పువారు ఆమెకు లేకపోయిరి. నిజమును తెలిసికొను సాధనములు నేడు మనకు కలవు. వానిని వాడుకొని మన పొయ్యిమీది అన్నమును నిబ్బరముగా దింపుకొనగలుగుట మన చేతిలోని పని.