పిల్లి తింటేనే పథ్యం

‘ఆకలైతే అదే తింటుందిలే’ అన్న మాట మన ఇళ్లలో చిన్నపిల్లల విషయంలో తరచూ వినపడుతుంది. అక్కడ చాలావరకు చెల్లుతుంది కూడా. జబ్బు చేసిన పిల్లి విషయంలో మాత్రం అది ప్రాణం మీదికి తెచ్చే మాట. ధరూర్‌లోనో గద్వాలలోనో ఒక ఇంట్లో పన్నెండేళ్ల పిల్లికి కిడ్నీలు దెబ్బతిన్నాయని రక్తపరీక్షలో తేలిందనుకుందాం. ఇక మామూలు తిండి మాన్పించి కిడ్నీ ఫుడ్ ఒక్కటే పెట్టమని డాక్టరు చెబుతారు. సంచి హైదరాబాద్ నుంచి కొరియర్‌లో వస్తుంది. పిల్లి గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూస్తుంది, ఒకటి రెండుసార్లు మూతి నాక్కుంటుంది, గిన్నె చుట్టూ నేలను ముందుకాలితో గీరి మట్టి కప్పుతున్నట్టు చేసి వెళ్లిపోతుంది. అంత ఖర్చుపెట్టి తెప్పించాం, తినక ఎక్కడికి పోతుందని ఇంటివాళ్లు పట్టుపడతారు. మూడో రోజుకు కిడ్నీ జబ్బు కన్నా పస్తే పెద్ద ప్రమాదమై కూర్చుంటుంది. ఇందులో ఇంటివాళ్ల ప్రేమకు లోటేమీ లేదు. ఏం పెట్టాలో చెప్పినవాళ్లు ఎలా తినిపించాలో చెప్పకపోవడమే అసలు లోపం. ఆ రెండోది చెప్పకుండా మొదటిది రాసిస్తే అది వైద్యం కాదని నా వాదన.

ముందు పిల్లి ఒంటి తీరు చూడాలి. మనిషి ఒకటి రెండు రోజులు పస్తుంటే శరీరం సర్దుకుంటుంది, నిల్వ ఉన్న కొవ్వును నెమ్మదిగా వాడుకుంటూ కండను కాపాడుకుంటుంది. పిల్లికి ఆ వెసులుబాటు బాగా తక్కువ. తరతరాలుగా మాంసం మీదే బతికిన జీవి కాబట్టి దాని కాలేయం మాంసకృత్తులను ఖర్చుపెట్టే పనిని అవసరానికి తగ్గట్టు తగ్గించుకోలేదు. తిండి ఆగిపోతే ఒంట్లోని కొవ్వు కాలేయానికి తరలివచ్చి అక్కడే పేరుకుపోతుంది. లావుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ. కొద్ది రోజుల పస్తుకే చిగుళ్లు, చెవుల లోపలి చర్మం పచ్చబడతాయి. దానికి చికిత్స కూడా తిండే. ముక్కులోంచో మెడ పక్క నుంచో గొట్టం వేసి వారాల తరబడి తినిపించాలి. అందుకే పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు చెప్పాలని, రెండో రోజు దాటనివ్వొద్దని పశువైద్యులు అంటారు. పథ్యం పేరుతో పస్తు పెట్టడం ఏ జబ్బుకూ మందు కాదు.

అలాగని పథ్యం ఉత్తదని అనడం లేదు. పిల్లుల కిడ్నీ జబ్బులో ఆహారానికి ఉన్నంత బలమైన రుజువు చాలా మందులకు లేదు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన జొనాథన్ ఎలియట్ బృందం 2000లో 50 పిల్లుల వివరాలు ప్రచురించింది. భాస్వరం, మాంసకృత్తులు తగ్గించిన పథ్యం తిన్న 29 పిల్లుల్లో సగం 633 రోజులకు మించి బతికాయి. పథ్యం సాగని 21 పిల్లుల్లో ఆ గడువు 264 రోజులే. ఈ రెండు గుంపులనూ వైద్యులు చీటీలు తీసి విడదీయలేదు. పిల్లి ఒప్పుకోకపోవడమో, ఇంటివాళ్లకు కుదరకపోవడమో వాటిని విడదీసింది. ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటుంది. తినగలిగినవి మొదటి నుంచీ కాస్త గట్టి పిల్లులేమో, అందుకే ఎక్కువకాలం బతికాయేమో అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు 2006లో అమెరికాలో షెరి రాస్ బృందం ప్రచురించిన ప్రయోగంలో దొరుకుతుంది. అందులో 45 పిల్లులను ఎంపికతో పని లేకుండా రెండు గుంపులు చేసి రెండేళ్లపాటు గమనించారు. మామూలు తిండి తిన్నవాటిలో దాదాపు నాలుగో వంతుకు రక్తంలో విషాలు పేరుకుని పరిస్థితి విషమించింది. పథ్యం తిన్న గుంపులో ఒక్కదానికీ అలా జరగలేదు. ఈ రెంటినీ కలిపి చదివితే నాకు తోచేది ఒకటే. పథ్యం పనిచేస్తుంది, అయితే అది కడుపులోకి వెళ్లడమే చికిత్సలో సగం. ఆ సగాన్ని ఇంటివాళ్ల అదృష్టానికి వదిలేస్తున్నాం.

పిల్లి మొండితనం అని మనం అనుకునేదాంట్లో చాలావరకు మొండితనం కాదు, జ్ఞాపకం. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియని తెలుగువాళ్లుండరు. మరిగే పాలు ముందు పెడితే మూతి కాలిన ఆ పిల్లి, రాయల సభలో పాలగిన్నె కనబడగానే పరుగెత్తింది. హాస్యం కోసం చెప్పుకునే ఆ కథలో పశువైద్యులకు పనికొచ్చే నిజం ఉంది. ఒక తిండి వల్ల బాధ కలిగిందని పిల్లి ఒకసారి ముడిపెట్టుకుంటే ఆ తిండిని ఇక నమ్మదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్న పిల్లికి ఎప్పుడూ కడుపులో తిప్పుతూనే ఉంటుంది. మూతి నాక్కోవడం, చొంగ కార్చడం, గిన్నె ముందు ముడుచుకుని కూర్చుని తినకపోవడం దాని గుర్తులే. సరిగ్గా ఆ రోజుల్లో, సెలైన్ ఎక్కిస్తున్న బోనులోనో, నోరు బలవంతంగా తెరిచో కొత్త తిండి పెడితే, ఆ వికారానికి కారణం ఈ తిండేనని పిల్లి తేల్చుకుంటుంది. ఇక ఆ సంచి తెరిచిన చప్పుడుకే మంచం కిందికి దూరుతుంది. కాబట్టి ముందు వికారానికి మందు ఇవ్వాలి, పళ్లూ చిగుళ్లూ చూడాలి, పిల్లి కుదుటపడి ఇల్లు చేరి పాత తిండి తింటున్నాకే కొత్తది మొదలుపెట్టాలి. జబ్బు తొలిదశలో తెలిసిందా, మరీ మంచిది. ఆకలి బాగున్నప్పుడు అలవాటు చేసిన పథ్యమే ఆకలి తగ్గిన రోజుల్లో అక్కరకొస్తుంది.

అలవాటు చేయడమంటే ఏమిటో కూడా విడమరిచి చెప్పాలి, ఎందుకంటే డాక్టరు రాసిచ్చే చీటీలో ఉండాల్సింది ఇదే. మొదట కొత్త తిండిని పాత తిండిలో కలపకుండా, పక్కన మరో గిన్నెలో చెంచాడు పెట్టి ఊరుకోవాలి. వాసన చూసి వదిలేసినా అది ముందడుగే. తర్వాత పాతదాంట్లో చిటికెడు, కొన్నాళ్లకు పావు వంతు, ఆపైన సగం. పది పదిహేను రోజుల్లో అయితే సంతోషం, రెండు నెలలు పట్టినా తప్పులేదు. ఒక మెట్టు దగ్గర ఆగిపోతే వెనక్కి ఒక మెట్టు దిగాలి. పిల్లి రుచి కన్నా వాసన మీద తింటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన తిండికి వాసన ఉండదు, దాన్ని ఎలుక ఒంటి వేడికి, అంటే 38 డిగ్రీల దాకా, గోరువెచ్చగా చేయాలి. తీపిని గుర్తించే జన్యువే పిల్లిలో పనిచేయదని 2005లో తేలింది, కాబట్టి బెల్లమో చక్కెరో కలిపి ఆశపెట్టడం దండగ. జూరాల జలాశయం చేపను ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడికించిన నీళ్లు ఒక చెంచాడు చల్లి చూడొచ్చు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు కావాలి, ఒక ఎలుకలో ఉండేవి దాదాపు 30. అది రోజులో చాలాసార్లు కొంచెం కొంచెంగా తినే జీవి అని ఈ లెక్కే చెబుతోంది. మనలాగా రెండు పూటలు గిన్నెడు పెట్టి, మిగిల్చిందని కోప్పడితే తప్పు మనదే. మనసు పెట్టి చూస్తే ఇందులో ఏదీ కష్టమైనది కాదు. ఎవరూ చెప్పకపోతే మాత్రం ఏదీ తెలిసేది కాదు.

ఇంత బాధ ఎందుకు, మన పిల్లులు తరతరాలుగా పాలన్నం తిని, ఎలుకల్ని పట్టి బతకలేదా అనేవాళ్లుంటారు. బతికాయి, ఆ ఎలుకల పుణ్యమా అని బతికాయి. ఎలుక మాంసంలో దొరికే టారిన్ అనే పదార్థం అన్నంలో ఉండదు, పాలలో చాలినంత ఉండదు, తనకు కావలసినంత పిల్లి సొంతంగా తయారు చేసుకోలేదు. అది లోపిస్తే గుండె కండరం పలచబడి సాగిపోతుందని 1987లో పాల్ పియాన్ బృందం చూపించాకే కంపెనీలు పిల్లుల తిండిలో టారిన్ పెంచాయి. ఇల్లు దాటని ముసలి పిల్లికి ఎలుకలు లేవు, మిగిలింది పాలన్నమే. జూరాల దగ్గర కావలసినంత చేప దొరుకుతుంది కదా, రోజూ అదే పెడదామంటే, ముల్లుతో పెట్టిన చేప నిండా భాస్వరమే, కిడ్నీ పిల్లికి సరిగ్గా అదే పడదు. కొన్ని రకాల చేపలను పచ్చిగా రోజూ పెడితే బి1 విటమిన్ నశించి తల వాలిపోతుంది, మూర్ఛలు వస్తాయి. ఇంటి వంట కూడదని కాదు. డాక్టరు లెక్కకట్టి ఇచ్చిన కొలతతో, చెప్పిన పొడులు కలిపి వండితే అది కూడా పథ్యమే. పథ్యాన్ని ఎంతకీ ముట్టని పిల్లి విషయంలో రాజీ పడక తప్పదు. తినే మామూలు తిండిలోనే భాస్వరం తక్కువున్నది ఎంచి, భాస్వరాన్ని పేగులోనే పట్టి ఉంచే మందు కలిపి, ఒంటికి నీళ్లు ఎక్కువ అందించే తడి తిండి పెట్టాలి. పథ్యం గిన్నెలో ఎండిపోతూ పిల్లి పస్తుండటం కన్నా ఇది నూరుపాళ్లు మేలు.

ఇంకో అభ్యంతరం బరువైనది. గొర్ల మందలు, పాడిగేదెలు ఉన్న ప్రాంతంలో పిల్లి తిండి గురించి శీర్షిక రాయడం అవసరమా? 2019 పశుగణనలో తెలంగాణ దాదాపు 1.9 కోట్ల గొర్లతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017లో మొదలైన ‘1962’ ఫోన్ నంబరు సంచార పశువైద్య వాహనాలైనా, మండలంలోని పశువుల దవాఖానలైనా ముందు చూడాల్సింది రైతు బతుకుదెరువునే, దానితో నాకు పేచీ లేదు. అయితే అదే పశుగణనలో కుక్కను లెక్కపెట్టారు, కుందేలును, ఏనుగును లెక్కపెట్టారు, పిల్లికి మాత్రం గడి లేదు. లెక్కలో లేని జీవికి ఊళ్లలో పరీక్షలు, మందులు, నిపుణులు ఎంత అవసరమో అంచనా కట్టేదెలా? గద్వాల నుంచి అటు కర్నూలో ఇటు రాయచూరో పోవాలన్నా ఒక రోజు పని పోతుంది, హైదరాబాద్ అయితే 180 కిలోమీటర్లు దాటిన ప్రయాణం. ఎలుకల కోసం తెచ్చుకున్నా, ఇంటి మనిషిలా పెంచుకున్నా, ఆ పిల్లి బాధ్యత తీసుకున్న పేదింటికి ఈ దూరమే పెద్ద ఖర్చు. చివర్లో నేను అడగబోయే సాయంతో గొర్లకు దక్కేదాంట్లో రూపాయి కూడా తగ్గదు.

కంపెనీల మీద అనుమానం ఉన్నవాళ్లకూ ఒక మాట. పథ్యం సంచుల ధర ఎక్కువే, వాటిని రాసేవాళ్లే అమ్మే చోట సందేహం రావడం సహజం. పైన చెప్పిన రాస్ ప్రయోగానికి డబ్బు పెట్టింది కూడా పెంపుడు జంతువుల ఆహార కంపెనీయే. కానీ భాస్వరం తగ్గిస్తే మేలని చెప్పే ఆధారాలు ఆ ఒక్క ప్రయోగంతో ఆగిపోలేదు. నాకు అసలు అన్యాయంగా తోచేది ధర కన్నా కొలత. తింటుందో లేదో తెలియని పిల్లి కోసం ఒకటిన్నర, రెండు కిలోల సంచి కొనిపించడం, అది ముట్టకపోతే ఆ నష్టం ఇంటివాళ్ల నెత్తిన పడటం. ముందు 85 గ్రాముల ప్యాకెట్లు రెండు మూడు రుచులవి ఇచ్చి, ఏది నప్పిందో చూశాకే సంచి రాయాలి. జిల్లా కేంద్రాల్లో పిల్లుల తిండి అమ్మే దుకాణాలు చిన్న ప్యాకెట్లు తెప్పించుకోవడానికి అడ్డేమీ లేదు.

రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం తెలుగులో ఒక్క పేజీ తయారుచేసి జిల్లా పశుసంవర్ధక శాఖలకు పంపితే సగం పని అయిపోతుంది. మొదటి వారం ఎంత కలపాలి, ఎంత వేడి చేయాలి, ఏ గుర్తులు కనబడితే ఆపాలి, వారానికోసారి పిల్లిని ఎత్తుకుని తూకం వేసి ఎక్కడ రాసుకోవాలి అన్నవి అందులో ఉండాలి. అడుగున డాక్టరు ఫోన్ నంబరు, దాని పక్కన పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం: ఒక రోజంతా ఏమీ తినకపోతే పాత తిండి పెట్టండి, వెంటనే ఫోన్ చేయండి.