చేయి ఊపితే పాట!

ఐరాల జనం చిన్న పనికైనా బస్సెక్కి వెళ్లే చిత్తూరులోనే 1925లో పుట్టారు ఎం.బి.శ్రీనివాసన్. మలయాళ సినీ సంగీత దర్శకుడిగా ఏసుదాసుతో తొలి సినిమా పాట పాడించింది ఆయనే. కానీ ఆయన ప్రాణమంతా బృందగానం మీదే. 1970ల మొదట్లో ‘మద్రాస్ యూత్ క్వయర్’ స్థాపించారు.

మన దగ్గర పదిమంది కలిసి పాడినా వరుస ఒక్కటే. ఆయన కుర్రకారును జట్లుగా విడదీసి, ఒకే పాటలో వేర్వేరు స్వరవరుసలు పాడించారు. చిక్కంతా అక్కడే! ఎంత మంచి గొంతైనా పక్కవాళ్లను మించితే పాట చెడినట్టే. అందుకే ఎదురుగా నిలబడి చేయి ఊపే కండక్టర్ పాడటం కన్నా ముందు, పక్కవాళ్లను వినడం నేర్పాలి.

1988లో లక్షద్వీప్‌లో శ్రీనివాసన్ కన్నుమూశారు. ఏసుదాసు గొంతు తెలియని ఊరు లేదు. మరి, ఆ గొంతుకు తొలి పాటనిచ్చిన మనిషి చిత్తూరులో పుట్టాడని చిత్తూరులోనే ఎందరికి తెలుసు?