పూలలోయకు ఇంకో రెండు రోజులు కలుపుకోండి

వానాకాలం మొదలైతే చాలు, ఉత్తరాఖండ్ పూలలోయ ఫొటోలు మన ఫోన్ల నిండా తిరుగుతుంటాయి. ‘ఈసారి మనమూ వెళ్దాం’ అని ఇంటిల్లిపాదీ అనుకోవడమూ మామూలే. వెళ్లాల్సిన చోటే అది. 1931లో కామెట్ శిఖరం నుంచి తిరిగొస్తూ ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు చూసి మురిసిపోయిన లోయ. 1982లో జాతీయ పార్కు అయింది, 2005లో యునెస్కో జాబితాకెక్కింది. జులై, ఆగస్టుల్లో పుష్పావతి నది పక్కన వందల రకాల మొక్కలు పూస్తాయి.

మన ఆందోళనంతా టూర్ ప్లాన్ గురించే. సెలవులు ఐదు రోజులు. మొదటిరోజు హైదరాబాద్ నుంచి దెహ్రాదూన్‌కు విమానం, రెండోరోజు కారులో జోషీమఠ్, మూడోరోజు ఘంగారియా, నాలుగోరోజు హేమకుండ్ సాహిబ్! హైదరాబాద్ ఎత్తు 500 మీటర్ల పైచిలుకు. ఘంగారియా 3,000 దాటుతుంది, హేమకుండ్ 4,000 దాటుతుంది. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి తగ్గిపోవడంతో, సముద్రతీరంలో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్‌లో సుమారు 60 శాతమే హేమకుండ్‌లో అందుతుంది. శరీరం దీనికి అలవాటు పడుతుంది. అయితే గంటల్లో కాదు, రోజుల్లో.

‘రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను, నాకేం’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు ఫిట్‌నెస్ అడ్డుకట్ట వేయదు. గుర్రమెక్కితే కాళ్లకు శ్రమ తప్పుతుందేగానీ ఊపిరితిత్తులకు కాదు.

మొదట తలనొప్పి, దాంతోపాటు వికారం, నీరసం, నిద్రపట్టకపోవడం. మనవాళ్లు ‘ఆ రొట్టెలు పడలేదు’, ‘ఘాట్ రోడ్డు తిప్పేసింది’ అని సరిపెట్టేసుకుంటారు. చిన్నపిల్లలైతే చెప్పలేరు, ఊరికే చిరాకుపడి అన్నం మానేస్తారు. ఇంకో చిక్కు పెద్దవాళ్లతో. ‘ఇంత డబ్బు పోసి వచ్చారు, నా వల్ల అందరికీ ఇబ్బందెందుకు’ అని అమ్మ తలనొప్పిని దాచేస్తుంది. కాబట్టి ఎవరికి బాగాలేకపోయినా ఆగిపోదామని ఇంట్లోనే గట్టిగా అనుకుని బయల్దేరండి.

తలనొప్పి, వికారం ఉంటే తగ్గేదాకా పైకి వెళ్లకూడదు. ఊరికే కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, తడబడే నడక, తికమక మాటలు... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూడొద్దు. తోడుతో వెంటనే కిందికి దించి, ఆస్పత్రికి చేర్చాలి. ఆక్సిజన్ దొరికితే పెట్టండి, కానీ దాన్ని నమ్ముకుని దిగడం ఆపొద్దు.

బీపీ, గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు టికెట్లు కొనకముందే డాక్టర్‌ను కలవాలి. ఎసిటజోలమైడ్ మాత్ర ఎవరో చెప్పారని వేసుకునేది కాదు. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ సమస్య ఉన్నవారు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. కొండమీద నిద్రమాత్రలు, మద్యం అసలే వద్దు.

వీలైతే జోషీమఠ్‌లో ఒకరోజు అదనంగా ఉండండి. ఘంగారియా చేరిన మర్నాడు లోయ చూడండి, హేమకుండ్‌ను ఆ తర్వాత పెట్టుకోండి. లోయలోకి గుర్రాలను రానివ్వరు, రాత్రి బస కూడా లేదు. కాబట్టి పొద్దున్నే బయల్దేరి, నాన్నగారి నడకతోనే అందరూ నడవండి.