నిరూపణకు ముందు లక్షణం



తెలుగు పండితునికి బ్లాక్‌చైన్‌తో ఏం పని అని నవ్వుకుంటారేమో! సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న ఇంటికి వచ్చి, "మాస్టారూ, మా ప్రోగ్రాములో తప్పు లేదని గణితరీత్యా నిరూపించాం" అన్నాడు. "తప్పంటే ఏమిటో ముందు చెప్పుకున్నారా నాయనా?" అని అడిగాను. ఆ ప్రశ్నే ఈ టపాకు మూలం.

బ్లాక్‌చైన్‌లో సొమ్ము కాపలా కాసే ప్రోగ్రామును ఒకసారి ఎక్కించాక దిద్దడం బహుకష్టం. 2016 జూన్‌లో ఈథీరియంపై నడిచిన 'ది డావో' నుండి సుమారు 36 లక్షల ఈథర్లు తరలిపోయాయి. ఆ ప్రోగ్రాము ముందు సొమ్ము చెల్లించి, ఆ తరువాత ఖాతాలో తగ్గించేది. తగ్గించేలోపే మళ్ళీ మళ్ళీ అడిగినవాడికి మళ్ళీ మళ్ళీ ఇచ్చింది! జూలైలో చిట్టానే మార్చి సొమ్ము వెనక్కి రప్పించారు. అది అధర్మమన్నవారు ఈథీరియం క్లాసిక్ పేరిట పాత చిట్టాతోనే ఉండిపోయారు.

పరీక్షలు చాలవా అంటే, పరీక్ష కొన్ని సందర్భాలనే చూస్తుంది. నిరూపణ అన్నింటినీ చూస్తుంది. ఈథీరియం డిపాజిట్ కాంట్రాక్టును రన్‌టైమ్ వెరిఫికేషన్ సంస్థ నిరూపించబూనినప్పుడు ఒక దోషం బయటపడింది. జమలు నమోదయ్యే గడులు 429 కోట్లకు పైబడి ఉండగా, అవన్నీ నిండితే, ఏమీ లేని పట్టికకు రావలసిన జవాబే వచ్చేది. అన్ని జమలు వేసి పరీక్షించడం ఎవరి తరం? తర్కమే దాన్ని పట్టింది. కనుక నేను నిరూపణకు వ్యతిరేకిని కాను.

అయితే నిరూపణ చెప్పేది ఒక్కటే: ప్రోగ్రాము మనం రాసిన లక్షణానికి సరిపోయిందని. ఆ లక్షణమే దుష్టమైతే? మన తర్కశాస్త్రం లక్షణదోషాలు మూడని చెప్పింది: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. "నాలుగు కాళ్ళున్నది ఆవు" అంటే గాడిద కూడా ఆవే అవుతుంది, అది అతివ్యాప్తి. "ఒకరి సొమ్ము మరొకరు తీయరాదు" అన్నదొక్కటే లక్షణమైతే, ఎవరికీ ఎన్నడూ తెరుచుకోని పెట్టె కూడా నిర్దుష్టమని నిరూపితమవుతుంది! సొంతదారు అడిగినప్పుడు తెరుచుకోవాలన్న మాట ఎవరో ఒకరు తలచి రాయాలి. ఆ తలపును ఏ యంత్రమూ ఇవ్వదు.

అందుకే నా అభిప్రాయం ఇది. "నిరూపితం" అన్న ముద్ర ఒక్కటే చూపితే చాలదు. ఏది నిరూపించారో, ఏది నిరూపించలేదో సొమ్ము దాచుకునే సామాన్యుడికి అర్థమయ్యే భాషలో ముందే రాసి చూపాలి. మా వాడు కాసేపు ఆలోచించి, "ఆ కాగితం మా దగ్గర లేదు మాస్టారూ" అన్నాడు.

రాయమన్నాను. మీరేమంటారు?