రిపోర్టు ఆమెది, ముందు ఆమెకే చెప్పాలి

భార్య రొమ్ములో గడ్డ కనిపిస్తే పరీక్షల రిపోర్టు మన ఇళ్లలో ముందు భర్త చేతికో, అన్నదమ్ముల చేతికో వెళుతుంది. ఆమె బయట బెంచీ మీద కూర్చుంటుంది. "ఆవిడకి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు" అని లోపల బతిమాలుతుంటారు. ఆ మాట ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. కానీ ఇంకా ఏదీ తేలని రోజుల్లో ఈ దాపరికం ఆమెను ఒంటరిని చేస్తుంది. గుసగుసలు, ముభావంగా మారిన ముఖాలు చూసి ఆమె అసలు కంటే పెద్ద జబ్బునే ఊహించుకుంటుంది.

తేలకపోవడమంటే డాక్టర్లకు చేతకాకపోవడం కాదు. మామోగ్రామ్ రిపోర్టులో బైరాడ్స్ అనే అంకె వేస్తారు. అది 3 అయితే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు. సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ తీసి చూస్తారు. 4 అయితే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష (బయాప్సీ) చేయమంటారు. అయితే ఆ 4లోనే 2 శాతం నుంచి 95 శాతం దాకా అవకాశం ఉంది. అందుకే దాన్ని ఎ, బి, సి అని విడదీశారు. 4ఎ వచ్చినవాళ్లలో నూటికి కనీసం తొంభై మందికి క్యాన్సర్ ఉండదు. 4సిలో సగం మందికి పైగా ఉంటుంది. ఆ ఒక్క అక్షరం అడగకుండా ఇంటికొచ్చిన భర్త ధైర్యం చెప్పినా, దిగులు పడినా గుడ్డిగానే. పైగా రొమ్ముకు క్షయ సోకినా బయటికి క్యాన్సర్ గడ్డలాగే కనిపించవచ్చు.

కాబట్టి తోడుండటమంటే "ఏం కాదులే" అనడం కాదు. ఏమవుతుందో అతనికీ తెలియదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. డాక్టరు గదిలోకి ఇద్దరూ కలిసి వెళ్లాలి. అడగాల్సినవి కాగితం మీద రాసుకోవాలి: ఏ పరీక్ష ఏం తేలుస్తుంది, ఫలితం ఎప్పుడొస్తుంది, ఎవరు చెబుతారు? అనుమానం తీరకపోతే ముక్క పరీక్ష స్లైడ్లు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మెలు తీసుకుని మరో పెథాలజిస్టుకు చూపించవచ్చు. అలా అడగడం డాక్టరును అవమానించడం కాదు. ఆకుపసరు సలహాలతో వచ్చే బంధువులను గుమ్మం దగ్గరే ఆపడం కూడా భర్త పనే. అతనికీ భయముంటుంది. దాన్ని చెప్పుకోవడానికి ఒక స్నేహితుడైనా ఉండాలి.

అన్నిటికంటే ముందు "నీకు ఎంతవరకు తెలియాలనుంది?" అని ఆమెనే అడగాలి. కొందరు వివరాలు వద్దంటారు. అదీ వాళ్ల హక్కే, కానీ ఆ మాట వాళ్ల నోటి నుంచే రావాలి. శస్త్రచికిత్సకు అనుమతి విషయంలో 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి గీతనే స్పష్టంగా గీసింది. లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్న మహిళ మత్తులో ఉండగా తల్లి సంతకంతో గర్భసంచి తీసేస్తే, ప్రాణాపాయం లేనప్పుడు ఆ అనుమతి చెల్లదంది. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు భర్తదైనా అంతే.

ఇంత భారమూ కుటుంబం మీదే వేయడం న్యాయం కాదు. ఆదిలాబాద్ పల్లె నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే కూలి దంపతులకు రిపోర్టు సిద్ధం కాలేదంటే ఇద్దరి కూలీ పోతుంది. ఫలితం వచ్చాకే రమ్మని ఫోన్ చేసే మనిషి ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఉండాలి. పేరు నమోదు చేసే రోజునే ఫారంలో ఇంకో ప్రశ్న చేర్చాలి: "మీ ఫలితం ముందుగా ఎవరికి చెప్పమంటారు?" దానికి జవాబు రోగి ఇవ్వాలి.