శిక్షణ ఒకరికి.. పాఠాలు మరొకరివి
పదోన్నతి ఉన్నవారికే పునశ్చరణ తరగతులు
ఒప్పంద, అతిథి అధ్యాపకులకు అందని అవకాశం

శ్రీకాకుళం: ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతికి పాఠం చెప్పాలన్నా ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి ఉండాలి. ఉన్నత పాఠశాలలో చేరాలంటే బీఈడీ తప్పనిసరి. విశ్వవిద్యాలయంలో ఎంఎస్సీ విద్యార్థులకు బోధించేవారికి మాత్రం అటువంటి నిబంధన ఏదీ లేదు. పీజీలో నిర్ణీత మార్కులు, నెట్ లేదా సెట్ అర్హత, పీహెచ్‌డీ ఉంటే చాలు. నెట్ తొలి పేపరులో బోధనా సామర్థ్యంపై కొన్ని ప్రశ్నలు ఉన్నప్పటికీ, అరవై మంది కూర్చున్న తరగతిని నడిపించడం ఎలాగో అది నేర్పదు. కొలువులో చేరిన తరువాత ఇచ్చే శిక్షణే వారికి ఆధారం. ఆ శిక్షణ ఎక్కువగా పదోన్నతి కోసం చూసేవారికే పరిమితమవుతుండగా, తరగతి గదుల భారాన్ని మోస్తున్న తాత్కాలిక అధ్యాపకులు దానికి దూరంగా ఉండిపోతున్నారు.

పేర్లు మారాయి
అధ్యాపకుల వృత్తి నైపుణ్యాన్ని పెంచాల్సిన అవసరాన్ని 1986 నాటి జాతీయ విద్యా విధానం గుర్తించింది. ఆ స్ఫూర్తితోనే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అకడమిక్ స్టాఫ్ కళాశాలలను నెలకొల్పింది. కొత్తగా చేరినవారికి నాలుగు వారాల ఓరియంటేషన్, అనుభవజ్ఞులకు మూడు వారాల పునశ్చరణ తరగతులు అక్కడ నిర్వహించేవారు. 2015లో వీటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు పెట్టారు. 2023 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం సందర్భంగా మాలవీయ మిషన్ ప్రారంభం కావడంతో అవి ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలుగా మారాయి. 111 కేంద్రాల ద్వారా ఉన్నత విద్యాసంస్థల్లోని 15 లక్షల మంది బోధకులకు శిక్షణ ఇవ్వాలన్నది ఈ పథకం లక్ష్యం.

ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం చాలాకాలంగా ఈ శిక్షణకు కేంద్రాలుగా ఉన్నాయి. తెలంగాణ విషయానికొస్తే ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం.. నాలుగూ రాజధానిలోనే ఉన్నాయి. 2006-08 మధ్య జిల్లాల్లో ఏర్పడిన విశ్వవిద్యాలయాల అధ్యాపకులు శిక్షణ కోసం పెద్ద నగరాలకు వెళ్లక తప్పలేదు. 2008లో ఎచ్చెర్లలో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ విశ్వవిద్యాలయానిదీ అదే పరిస్థితి. ఎచ్చెర్ల నుంచి విశాఖ సుమారు వంద కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి వెళ్లాలంటే దూరం రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది.

పదోన్నతితో ముడి
ఈ తరగతులకు గిరాకీ రావడానికి ప్రధాన కారణం పదోన్నతే. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యులు 10వ స్థాయి నుంచి 11వ స్థాయికి చేరాలంటే పీహెచ్‌డీ ఉన్నవారికి నాలుగేళ్లు, ఎంఫిల్ ఉన్నవారికి ఐదేళ్లు, ఇతరులకు ఆరేళ్ల సర్వీసు ఉండాలి. దీనికి తోడు 21 రోజుల ఓరియంటేషన్ పూర్తిచేయాలి. పునశ్చరణ, పరిశోధనా పద్ధతుల వంటి తరగతుల్లో ఒకదానికి హాజరు కావాలి. లేదా ఆన్‌లైన్ కోర్సు ధ్రువపత్రం చూపాలి. ఏడో వేతన సవరణలో 10వ స్థాయి 57,700 రూపాయలతో, 11వ స్థాయి 68,900 రూపాయలతో మొదలవుతాయి. ధ్రువపత్రం ఒక్కటి తక్కువైనా పదోన్నతి దస్త్రం కదలదు.

ఈ నిబంధన వల్ల మేలు లేకపోలేదు. శిక్షణ అంటే ముఖం చాటేసేవారు సైతం పుస్తకం తెరిచారు. అయితే నేర్చుకోవడం కంటే పత్రం సంపాదించడమే ముఖ్యమన్న ధోరణి కూడా దానితోపాటే పెరిగింది. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ సైతం ఎంతమంది అధ్యాపకులు ఇటువంటి కార్యక్రమాలకు హాజరయ్యారన్నది లెక్కిస్తుంది. దీంతో వ్యక్తులకూ, సంస్థలకూ సంఖ్యే ప్రధానమైంది. శిక్షణ పొందిన తరువాత తరగతి గదిలో ఏం మారిందని అడిగే గడి మాత్రం ఏ దరఖాస్తులోనూ ప్రధానంగా కనిపించదు.

అర్హత ఉన్నా..
రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి శాశ్వత నియామకాలు సక్రమంగా జరగలేదు. 2023లో మూడు వేలకు పైగా బోధనా పోస్టుల భర్తీకి ప్రకటనలు వెలువడినా ఆ ప్రక్రియను న్యాయ వివాదాలు చుట్టుముట్టాయి. ఖాళీల్లో పాఠాలు చెబుతున్నది ఒప్పంద, అతిథి అధ్యాపకులే. అనుబంధ డిగ్రీ కళాశాలల్లోనూ ఇదే తీరు.

వీరికి శిక్షణ ఇవ్వకూడదని ఎక్కడా లేదు. కనీసం మూడు విద్యా సంవత్సరాలు బోధించిన తాత్కాలిక, ఒప్పంద అధ్యాపకులను ఈ తరగతులకు అనుమతించవచ్చని యూజీసీ మార్గదర్శకాలు ఎప్పుడో పేర్కొన్నాయి. ఆచరణలోనే చిక్కు ఉంది. అతిథి అధ్యాపకులకు చెప్పిన గంటలను బట్టి పారితోషికం లభిస్తుంది. రెండు వారాలు శిక్షణకు వెళితే ఆ రెండు వారాల ఆదాయం పోయినట్లే. విధి నిర్వహణ కింద సెలవు మంజూరు చేసే ఏర్పాటు వారికి లేదు. తిరిగి వచ్చేసరికి తన గంటలు మరొకరికి కేటాయిస్తారేమోనన్న భయం సరేసరి. ఇన్ని నష్టాలకు ఓర్చి వెళ్లినా పదోన్నతి నిచ్చెన వారికి లేదు గనుక ఆ పత్రంతో ఒనగూరేదీ తక్కువే.

తెర ముందు శిక్షణ
2017 జులైలో ప్రారంభమైన స్వయం వేదిక, 2018లో దానిపైనే మొదలైన అర్పిట్ కోర్సులు దూరాభారాన్ని తగ్గించాయి. 40 గంటల అర్పిట్ కోర్సు పూర్తిచేసి పరీక్షలో నెగ్గితే ఒక పునశ్చరణ తరగతితో సమానంగా పరిగణించారు. 2020లో కరోనా వచ్చాక శిక్షణలో అధిక భాగం ఆన్‌లైన్‌కు మారింది. పసిపిల్లల తల్లులకు, మారుమూల కళాశాలల్లో పనిచేసేవారికి ఇది నిజంగా వరమే.

కానీ ఇంటి నుంచో కళాశాల నుంచో శిక్షణలో కూర్చున్న అధ్యాపకునికి రోజువారీ తరగతులు, పరీక్షల పనులు తప్పడం లేదు. ఒక చెవి శిక్షణకు, మరో చెవి కళాశాల గంటకు అప్పగించాల్సి వస్తోంది. విశాఖలో వసతి గృహంలో ఉండి నేర్చుకునే రోజుల్లో వేర్వేరు జిల్లాల వారు సాయంత్రం వేళ తమ తరగతుల సమస్యలు ముచ్చటించుకునేవారు. ప్రసంగాల కంటే ఆ ముచ్చట్లే ఎక్కువ నేర్పేవని సీనియర్ అధ్యాపకులు గుర్తుచేస్తుంటారు. తెర మీద ఆ అవకాశం మూసుకుపోయింది.

నష్టపోయేది విద్యార్థే
గడచిన కొన్నేళ్లలో డిగ్రీ చదువు రూపురేఖలు వేగంగా మారాయి. రాష్ట్రంలో 2020-21 నుంచి పాఠ్య ప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్ చేరింది. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోకి మారాలని నిర్ణయించారు. 2023-24లో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. తెలుగులో చదివి, తెలుగులో బోధించిన అధ్యాపకుడు ఒక్క ఏడాదిలో ఆంగ్లంలో అర్థశాస్త్రం చెప్పవలసి వచ్చింది. తన సబ్జెక్టుకు విద్యార్థులు తగ్గినవారు నైపుణ్య కోర్సుల పేరిట కొత్త పాఠాలు అందుకోవలసి వచ్చింది. ప్రతి మార్పుకూ ఉత్తర్వు వచ్చింది. దానికి తగిన తర్ఫీదు మాత్రం అందరికీ రాలేదు.

జిల్లాలో కళాశాల మెట్లెక్కుతున్న వారిలో ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవారు ఎందరో. ట్యూషన్లు, ప్రత్యేక శిక్షణల స్తోమత వారికి ఉండదు. తరగతిలో అర్థం కాకపోతే మరెక్కడా అర్థమయ్యే వీలు లేదు. వారికి పాఠం చెప్పే అధ్యాపకునికే శిక్షణ అందకపోవడం ఆ విద్యార్థికి రెట్టింపు నష్టం.

చేయదగినవి ఉన్నాయి
ఇందుకు కొత్త పథకమేదీ అక్కర్లేదు. శిక్షణకు వెళ్లే తాత్కాలిక అధ్యాపకుల రోజులను పనిదినాలుగా లెక్కించి పారితోషికం చెల్లిస్తే సగం సమస్య తీరుతుంది. మార్గదర్శకాల్లో ఉన్న మూడేళ్ల అర్హతను కళాశాలలకు స్పష్టంగా తెలియజేయాలి. వేసవి సెలవుల్లో ఎచ్చెర్లలోనే అనుబంధ కళాశాలల వారికి ముఖాముఖి తరగతులు పెట్టవచ్చు. విశాఖ కేంద్రం నిపుణులను పంపితే వందల మంది ప్రయాణం తప్పుతుంది. ఆన్‌లైన్ శిక్షణలో ఉన్నన్ని రోజులు ఇతర విధుల నుంచి మినహాయింపునివ్వాలి. శిక్షణ ముగిసిన ఆరు నెలల తరువాత తోటి అధ్యాపకులు తరగతిని పరిశీలించి, విద్యార్థుల అభిప్రాయం తీసుకుంటే ధ్రువపత్రానికి విలువ పెరుగుతుంది.

శాశ్వత అధ్యాపకుడైనా, అతిథి అధ్యాపకుడైనా విద్యార్థి రాసే పరీక్ష ఒక్కటే. మార్కుల జాబితాలో పాఠం ఎవరు చెప్పారన్నది ఉండదు. పదోన్నతి లెక్క ఎలా ఉన్నా, తరగతి గదిలో నిలబడే ప్రతి ఒక్కరికీ శిక్షణ హక్కుగా అందాల్సిందే.