వైరు నానబెట్టమని ఎవరు చెప్పాలి?

మాది ఏర్గట్ల. నిజామాబాద్ జిల్లా. 2016లో కొత్త జిల్లాలు, కొత్త మండలాలు వచ్చినప్పుడు మా ఊరు కూడా మండలం అయింది. హాస్టల్లో ఎవరన్నా "మీ ఊర్లో ఏం స్పెషల్?" అంటే పసుపు అని చెప్పి ఊరుకుంటాను. ఈసారి మాత్రం పసుపు గురించి కాదు, పసుపు చేను ఒడ్డు మీద మొలిచే గడ్డి గురించి, ఆ గడ్డి కోసే మిషన్ వైరు గురించి రాస్తున్నా. నవ్వుకున్నా పర్లేదు, చివరిదాకా చదవండి.

మా కాక దగ్గర గడ్డి మిషన్ ఉంది. భుజానికి తగిలించుకుని, రెండు చేతుల్తో పట్టుకుని కోసేది. ఒకప్పుడు ఒడ్డు చెక్కాలంటే నలుగురు మనుషులు, నాలుగు కొడవళ్లు. ఇప్పుడు మనుషులు దొరకరు, దొరికినా నాట్లప్పుడు మన దిక్కు రారు. అందుకే కాక మిషన్ కొన్నాడు. మా ఒడ్లు అయినంక పక్కోళ్లవి కిరాయికి కోస్తాడు. కింద తిరిగే ప్లాస్టిక్ డబ్బాలోంచి రెండు దిక్కులా నైలాన్ వైరు బయటికి ఉంటుంది. గడ్డిని కోసేది అదే.

పోయిన వానాకాలం కాక ఆ నైలాన్ వైరు తీసేసి, పాత బండి క్లచ్ వైరు ముక్కలు కట్టాడు. గార్డు ఎప్పుడో ఊడబీకి పశువుల కొట్టంలో పడేశాడు, "గడ్డి చుట్టుకుంటాంది, అడ్డమొస్తాంది" అని. ఒడ్డు మీద ఒక రాయి తగిలింది. క్లచ్ వైరు పోగు ఒకటి తెగి కాక పిక్కలో దిగింది. ఆర్మూర్ తీసుకపోయి తీయించి, కుట్లు వేయించుకొచ్చాం. అదృష్టం ఏంటంటే, అప్పటిదాకా ఎనకాలే గడ్డి ఎత్తుతున్న చిన్నమ్మ మంచినీళ్లకు పోయింది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు నేను కాక మీద లేచాను. "ఇనుప వైరు ఎందుకు పెట్టినవ్ కాకా? పానం మీదికి తెచ్చుకుంటవా?"

కాక కోపం చేయలేదు. "నైలాన్ ది ఆగుతలేదు రా. పొద్దుగాల్ల చుడితే పది కొట్టేసరికి అయిపోతాంది. కిరాయి పైసలల్ల సగం వైరుకే పోతే ఇంకేం మిగులుతది? నువ్వు ఇంజినీరింగ్ చదువుతున్నవ్ గద, ఆగేటట్టు చెయ్యరాదు?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చింది.

ఎందుకంటే జవాబు నాకు తెలుసు. మెటీరియల్ సైన్స్ పేపర్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. నైలాన్ నీళ్లు పీల్చుకునే ప్లాస్టిక్. పూర్తిగా నానితే తన బరువులో దాదాపు 9 శాతం దాకా పీల్చుకుంటుంది. గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అని చదువుకున్నాం కదా, దానికి కింద ప్లాస్టిక్ గాజులా పెళుసుగా, పైన సాగే గుణంతో ఉంటుందని. ఎండిపోయిన నైలాన్‌కు అది సుమారు 50 డిగ్రీలు. తేమ పట్టేకొద్దీ ఆ అంకె బాగా కిందికి దిగుతుంది. అంటే అదే వైరు ఎండితే పుటుక్కున విరుగుతుంది, నానితే వంగి దెబ్బ కాచుకుంటుంది. మన దిక్కు ఎండాకాలం గాలిలో తేమ ఎంతుంటుందో మీకు తెలుసు. వైరు చుట్టలేమో దుకాణం ముందర ఎండలోనే వేలాడుతుంటాయి. అక్కడే సగం బలం పోతుంది.

మందు ఏంటి? బకెట్లో నీళ్లు పోసి చుట్టను ఒక రోజు, వీలైతే రెండు రోజులు నానబెట్టడం. నీరు వైరు లోపలిదాకా పోవడానికి అంత టైం పడుతుంది, పది నిమిషాలు ముంచి తీస్తే లాభం లేదు. తీసినంక ఎండలో వేలాడదీయకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టి నీడలో పెట్టాలి. ఖర్చు సున్నా. మినుములు నానబెట్టడం తెలిసిన ఏ ఇంట్లోనైనా అయ్యే పని. ఇది నాకు పరీక్షలో వచ్చు, పొలంలో గుర్తు రాలేదు.

నానబెట్టడం ఒక్కటే చాలదు. దసరా సెలవుల్లో నాలుగు రోజులు కాక ఎంబడి తిరిగి చూశాను. వైరు తగ్గిపోవడానికి ముఖ్యమైన కారణం గడ్డి కాదు, మనం పట్టుకునే తీరు. ఎత్తు గడ్డిని ఒకేసారి మొదట్లో కొడుతున్నాం. పైనుంచి రెండు మూడు విడతలుగా దిగాలి. వైరు కొసతోనే కోయాలి, మధ్యభాగం గడ్డిలోకి దూర్చితే అది వంగి, మొదట్లోనే తెగుతుంది. రాయి, గోడ, స్తంభం దగ్గర ఆనించి రుద్దకుండా జానెడు దూరంలోనే ఆగాలి. కోసే ముందు ఒడ్డు మీద ఒకసారి నడిచి రాళ్లు, తీగ ముక్కలు, క్వార్టర్ సీసాలు ఏరేయాలి. మా ఒడ్ల మీద చివరివే ఎక్కువ.

ఇంకొకటి, చుట్టే పద్ధతి. డబ్బా నిండాలని కుక్కి చుడితే, వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే, తిరిగేటప్పుడు రాసుకుని వేడెక్కి అతుక్కుపోతాయి. అప్పుడు డబ్బాను నేలకు కొట్టినా వైరు బయటికి రాదు. రాలేదని ఇంకా గట్టిగా కొడతాం, డబ్బా పగులుతుంది. డబ్బా మీద బాణం గుర్తు ఉంటుంది, ఆ దిక్కునే బిగువుగా, వరసగా, అంచుకు కొంచెం తక్కువగా చుట్టాలి. లావు వైరైతే ఎక్కువ ఆగుతుందని 3 మిల్లీమీటర్లది పెడతారు కొందరు. చిన్న ఇంజన్‌కు అది మోయలేని బరువు. మిషన్‌కు రాసిన సైజే వాడాలి.

ఇప్పుడు అసలు సంగతి, గార్డు. గార్డు అంచుకు ఒక చిన్న బ్లేడు ఉంటుంది. వైరు ఎక్కువ బయటికొస్తే దాన్ని సరిపోయేంతకు కత్తిరించేది అదే. గార్డు తీసేస్తే వైరు ఎంత పొడుగొస్తే అంత పొడుగు తిరుగుతుంది. ఒక చిన్న లెక్క వేశాను. నిమిషానికి 7000 చుట్లు, మధ్య నుంచి కొస దాకా 20 సెంటీమీటర్లు అనుకుందాం. కొస వేగం సెకనుకు దాదాపు 147 మీటర్లు, అంటే గంటకు 500 కిలోమీటర్ల పైన. డబ్బా బయట ఉన్న 2.4 మిల్లీమీటర్ల వైరు బరువు ఒక గ్రాము కూడా ఉండదు. కానీ ఆ వేగానికి దాని మొదట్లో పడే లాగుడు, 5 కిలోల బరువు వేలాడదీసినంత. అదే వేగంలో కొసను 30 సెంటీమీటర్లకు పెంచితే ఆ లాగుడు రెండింతలు దాటిపోతుంది. వైరు ఆగాలని మనం తీసేసిన గార్డే వైరును ఆపేది.

ఇనుప వైరు సంగతి కూడా ఈ లెక్కే చెబుతుంది. ఉక్కు నైలాన్ కన్నా సుమారు ఏడు రెట్లు బరువు. తెగిన ముక్క ఆ వేగంతో వస్తే అది వైరు కాదు, తూటా. ఈ మిషన్ మొదట చేసింది హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ అనే ఆయన, 1971లో. కార్లు కడిగే చోట గిర్రున తిరిగే బ్రష్షులు చూసి ఆయనకు ఆలోచన వచ్చిందట. ఆ బ్రష్షులు కారు రంగు చెడకుండా మురికి తీస్తాయి కదా, అట్లాగే చెట్టు బెరడు చెడకుండా గడ్డి తీయాలని. మెత్తటిది తిరగాలి అన్నదే ఆ మిషన్ ప్రాణం. దానికి ఇనుము కడితే మిగిలేది ప్రమాదం ఒక్కటే.

"గడ్డిమందు కొడితే అయిపాయె, ఇదంతా ఎందుకు?" అని మా ఫ్రెండ్ ఒకడు అడిగాడు. ఒడ్డు గడ్డి మా బర్రెలు తినే గడ్డి. మందు కొట్టలేం. ఆ మాటకొస్తే అరిగిపోయిన నైలాన్ కూడా ఎక్కడికీ పోదు. ముక్కలు ముక్కలుగా ఒడ్డు మీదే, గడ్డి మోపులోనే ఉంటుంది. వైరు తక్కువ అరిగితే బర్రె కడుపులోకి ప్లాస్టిక్ కూడా తక్కువే పోతుంది. కాబట్టి వైరు పొదుపు చేయడం పిసినారితనం కాదు. కాక కిరాయి పైసలు, చిన్నమ్మ కళ్లు, బర్రె కడుపు, మూడూ దాని మీద ఉన్నాయి.

ఇక మన క్లబ్ గురించి ఒక మాట. కోపం తెచ్చుకోకండి, నేనూ ఈ క్లబ్ మెంబర్‌నే. కాక మిషన్ డబ్బాలో ఒక పుస్తకం వచ్చింది. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. "గార్డు లేకుండా వాడరాదు, లోహపు తీగ వాడరాదు" అని అందులో ఉంది. అది కాక చదవలేడు. చదవగలిగిన నేను హైదరాబాద్‌లో ఉండి తెలుగులో కవితలు రాస్తున్నా. వాన మీద నేనే మూడు రాశాను. ఆ వానకు మొలిచే గడ్డి కోసే మనిషికి పనికొచ్చే ఒక్క పేజీ రాయలేదు. తెలుగును కాపాడాలి అని ప్రతి ఫిబ్రవరి 21న, ఆగస్టు 29న స్టేజీ మీద చెప్పుకుంటాం. కథా, కవితా మాత్రమే తెలుగులో ఉండి, పానం కాపాడే మాట ఇంగ్లీషులో ఉంటే, మా కాకకు ఆ తెలుగుతో ఏం పని?

నేను కవితలు వద్దనడం లేదు. ప్రతి సంచికలో ఒక్క పేజీ అడుగుతున్నా. ఈఈఈ వాళ్లు స్టార్టర్ డబ్బా గురించి, సివిల్ వాళ్లు ఇంటి స్లాబుకు నీళ్లు ఎన్నిరోజులు పట్టాలో, కెమికల్ వాళ్లు మందు డబ్బా మీది రంగు గుర్తుల గురించి. మన ఇంట్లో వాళ్లకు చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో. ఒడ్డుకు ఒడ్డు అనాలి, వైరుకు వైరు అనాలి. వైరుకు గ్రాంథికంలో ఏదో పేరు పెడితే దుకాణంలో అది దొరకదు.

మొదటి పేజీ నేను రాశాను. పెద్ద అక్షరాల్లో, ఆరు వాక్యాలు, ప్రింటు తీసి కాక కొట్టంలో అంటించాను. దసరా తర్వాత చిన్నమ్మకు ఫోన్ చేసి అడిగాను, "కాక వైరు నానబెడుతుండా?" అని.

"బకెట్ ఆయనదే అయిపోయింది బిడ్డా. నా బట్టలు నానబెట్టెతందుకు ఇంకోటి కొనుక్కున్న," అంది.

గార్డు కూడా బిగించాడట. ఒక బోల్టు తక్కువైందట, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెమ్మన్నాడు.